చల్లబడితేనే వెలిగింది తొలి చుక్క

తార్నాక చౌరస్తాకు ఒక పక్క, ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని జాతీయ పోషకాహార సంస్థ ఉంది. మనందరి నోటా అది ఎన్ఐఎన్. ఉప్పల్ వెళ్లే దారి పడితే ఐఐసీటీ వస్తుంది. ఆ దారిలోనే హబ్సిగూడ దగ్గర ఎన్జీఆర్ఐ, సీసీఎంబీ. ఎన్జీఆర్ఐ పేరు మీద ఇప్పుడు మెట్రో స్టేషన్ కూడా ఉంది. ఎన్ఐఎన్ వాళ్లు రక్తహీనత మీద దశాబ్దాలుగా పనిచేస్తున్నారు. ఇనుము, అయోడిన్ రెండూ కలిపిన ఉప్పును రూపొందించింది వాళ్లే. ఐఐసీటీలో కర్బన రసాయనాల నుంచి మందులు తయారుచేసే దారులు వెతుకుతారు. ఎన్జీఆర్ఐలో రాళ్లనూ భూమి లోపలి పొరలనూ చదువుతారు, సీసీఎంబీలో జీవకణాన్ని చదువుతారు.

ఈ నాలుగు చోట్లా బల్లల మీదికి వచ్చే సరుకు ఏమిటో చూడండి. ఇనుము, అయోడిన్, కర్బనం, ఆక్సిజన్, నైట్రోజన్, సిలికాన్, కాల్షియం, భాస్వరం. విశ్వం పుట్టిన కొత్తలో వీటిలో చెప్పుకోదగ్గంతగా ఒక్కటీ లేదు. కోట్ల సంవత్సరాల పాటు లేదు. ఉన్నదల్లా హైడ్రోజన్, హీలియం, లేశమంత లిథియం. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీని కట్టిన గులాబీ రంగు గ్రానైట్‌కు కావలసిన సిలికాన్ లేదు, ఆ రాయిని చెక్కిన ఉలికి కావలసిన ఇనుము లేదు, ఉలి పట్టిన చేతి ఎముకలో ఉండే కాల్షియమూ లేదు.

మరి ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి? నక్షత్రాల కడుపులోంచి అని బడిలో చదువుకున్నాం. నిజమే. కానీ ఆ జవాబు వెనక ఇంకో చిక్కు ఉంది. ఈనాటి నక్షత్రాలు పుట్టడానికి ఆ కర్బనం, ఆ ఆక్సిజన్, వాటితో తయారైన ధూళి సాయపడుతున్నాయి. అవేవీ లేని రోజుల్లో మొట్టమొదటి నక్షత్రం ఎవరి సాయంతో పుట్టింది? ఇది ఖగోళశాస్త్రంలో ఒక మూల పడి ఉండే చిన్న సందేహం కాదు. ఆ పుట్టుక కుదరకపోతే తర్వాతి కథ ఏదీ లేదు.

బేగంపేట గాజు పలకలు

నక్షత్రాలతో హైదరాబాద్‌కు పాత పరిచయమే. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల 1908లో ప్రభుత్వం చేతికి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి ప్రతి చుక్క స్థానాన్నీ నమోదు చేయాలని ఆ రోజుల్లో ప్రపంచంలోని వేధశాలలు కలిసి ఒక పెద్ద పని తలపెట్టాయి. అందులో మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల వరకు ఉన్న దక్షిణాకాశపు పట్టీ హైదరాబాద్ వంతుకు వచ్చింది. బేగంపేటలో ఒక ఫొటో దూరదర్శినితో గాజు పలకల మీద చిత్రాలు తీసి, ఒక్కొక్క చుక్కనూ కొలిచి, లక్షలాది నక్షత్రాల పట్టికలు అచ్చువేశారు. పోకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ ఈ పనిని నడిపించారు. కంప్యూటర్ లేని కాలంలో, ఒక్కో అంకె చేతితో రాసి, ఇంత పెద్ద పనిని మన ఊళ్లో పూర్తి చేశారని తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. భారత ఖగోళశాస్త్రానికి పెద్ద దిక్కైన వేణు బప్పు తండ్రి కూడా ఆ వేధశాలలోనే పనిచేశారు. తర్వాత 1959లో విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్ర శాఖ, 1968లో రంగారెడ్డి జిల్లా జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని వచ్చాయి.

ఆ పట్టికల్లోని లక్షల చుక్కల్లో ఒక్కటి కూడా తొలితరం నక్షత్రమని తేలలేదు. హైదరాబాద్ పట్టికల్లోనే కాదు, ఇంతవరకు ప్రపంచంలో ఎవరి పట్టికలోనూ అలాంటి నక్షత్రం చేరలేదు.

ఒక నక్షత్రం తొలితరానిదా కాదా అన్నది దాని వెలుగే చెబుతుంది. నక్షత్రకాంతిని రంగులుగా విడదీస్తే మధ్యలో నల్లని గీతలు కనిపిస్తాయి. ఏ మూలకం ఉంటే దాని గీతలు పడతాయి. ఆ గీతల ముదురుదనం మూలకం ఎంత ఉందన్న దాని మీదే కాక, నక్షత్రం ఎంత వేడిగా ఉందన్న దాని మీద కూడా ఆధారపడుతుందని 1920లో మేఘనాద్ సాహా లెక్కతో చూపించారు. ఆ లెక్కను పట్టుకునే 1925లో సెసిలియా పేన్ అనే యువతి, నక్షత్రాల్లో అత్యధిక భాగం హైడ్రోజనేనని తేల్చింది. పెద్దలు మొదట నమ్మలేదు. చివరికి ఆమె మాటే నిలిచింది.

అప్పటి నుంచి చూసిన ప్రతి నక్షత్రంలోనూ, ఎంత ముసలిదైనా సరే, హైడ్రోజన్, హీలియంలతో పాటు కాస్తో కూస్తో భారమైన మూలకాలు బయటపడుతూనే ఉన్నాయి. అంటే ప్రతిదీ ముందు తరం నక్షత్రాలు వదిలిన సరుకు కలిసిన వాయువులోంచి పుట్టిందే. ఆ ముందు తరం ఎక్కడ?

వెలుగు ఆరిపోయిన కాలం

విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. మొదటి కొన్ని నిమిషాల్లో అది ఎంత వేడిగా, ఎంత చిక్కగా ఉందంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఢీకొని హీలియం కేంద్రకాలు తయారయ్యాయి. ఆ పని అక్కడితో ఎందుకు ఆగింది? ఐదు కణాలున్న కేంద్రకం గానీ, ఎనిమిది కణాలున్న కేంద్రకం గానీ ప్రకృతిలో నిలకడగా ఉండదు. హీలియంలో నాలుగు కణాలు. దానికి ఒకటి చేర్చినా నిలవదు, రెండు హీలియంలను కలిపినా నిలవదు. ఆ అడ్డంకిని దాటాలంటే మూడు హీలియం కేంద్రకాలు దాదాపు ఒకేసారి కలవాలి. అందుకు చాలా సమయం, చాలా ఒత్తిడి కావాలి. విశ్వం అప్పటికే విస్తరిస్తూ పలచబడిపోతోంది. అలా తూకంలో ముప్పాతిక వంతు హైడ్రోజన్, పావు వంతు హీలియంతో లెక్క ఆగిపోయింది.

తర్వాత 3 లక్షల 80 వేల సంవత్సరాల పాటు విశ్వమంతా వేడి పొగమంచులా ఉండేది. విడి ఎలక్ట్రాన్లు కాంతిని నాలుగడుగులు కూడా తిన్నగా పోనివ్వలేదు. వేడి సుమారు 3,000 డిగ్రీలకు తగ్గాక ఎలక్ట్రాన్లు కేంద్రకాలతో జతకట్టి పరమాణువులయ్యాయి. కాంతికి దారి దొరికింది. ఆనాడు బయలుదేరిన ఆ కాంతి విశ్వంతో పాటు సాగి సాగి ఇవాళ సూక్ష్మతరంగాలుగా అన్ని దిక్కుల నుంచీ మనకు చేరుతోంది. 1965లో పెంజియాస్, విల్సన్ దాన్ని లోకానికి ప్రకటించారు.

మొదట్లో నారింజ రంగులో ఉన్న ఆ వెలుగు కొంతకాలానికి పరారుణంలోకి జారిపోయింది. అప్పుడు కళ్లున్నవాళ్లెవరైనా ఉండి ఉంటే వాళ్లకు ఏమీ కనిపించేది కాదు. చీకటి యుగం అని శాస్త్రవేత్తలు పిలిచేది ఈ కాలాన్నే. పది కోట్ల సంవత్సరాలకు అటూ ఇటూగా సాగింది.

ఆ చీకట్లో ఏమీ జరగలేదనుకోకండి. వాయువు ఒకచోట కాస్త ఎక్కువ, ఒకచోట కాస్త తక్కువ. ఆ తేడా లక్షకు ఒక వంతు పాటిది. ఎక్కువున్న చోటు గురుత్వాకర్షణతో పక్కవాటిని లాక్కుని ఇంకా ఎక్కువవుతుంది. మామూలు పదార్థమే ఉంటే ఈ పని చాలా ఆలస్యంగా మొదలయ్యేది, ఎందుకంటే పరమాణువులు ఏర్పడేదాకా కాంతి ఒత్తిడి దాన్ని కుదురుగా ఉండనివ్వలేదు. కానీ విశ్వంలో మామూలు పదార్థానికి ఐదు రెట్లకు పైగా కృష్ణపదార్థం ఉంది. అదేమిటో ఇంకా ఎవరూ పట్టుకోలేదు గానీ, దానికి కాంతితో పనిలేదని మాత్రం తెలుసు. కాంతి తోసినా తోయకపోయినా అది ముందునుంచే గుంపులు కట్టడం మొదలుపెట్టింది. పరమాణువులు ఏర్పడ్డాక హైడ్రోజన్, హీలియం ఆ గుంపుల పల్లాల్లోకి జారాయి. పది కోట్ల సంవత్సరాలు దాటేసరికి సూర్యుడికి పది లక్షల రెట్ల బరువున్న గుంపులు తయారయ్యాయి. తొలి నక్షత్రాలకు పురిటిళ్లు ఇవే.

నొక్కితే వేడెక్కుతుంది

ఇక్కడే అసలు చిక్కు. తార్నాక సందుల్లో పంక్చర్ షాపు అబ్బాయి సైకిల్ ట్యూబుకు గాలి కొడుతున్నప్పుడు పంపు అడుగు భాగం పట్టుకుని చూడండి. వెచ్చగా ఉంటుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి ఎదురు తిరుగుతుంది, ఇంకా నొక్కడం కష్టమవుతుంది. నొక్కుడు ఆపి కాసేపు వదిలేస్తే పంపు చల్లబడుతుంది, గాలి మళ్లీ లొంగుతుంది.

ఆకాశంలో నొక్కే చేయి గురుత్వాకర్షణ. వాయువు పల్లంలోకి పడే కొద్దీ నలిగి, వేడెక్కి, వెయ్యి డిగ్రీలు దాటింది. ఆ వేడి ఒత్తిడి గురుత్వాకర్షణను ఆపేసింది. వేడి బయటికి పోతే తప్ప వాయువు ఇంకా కుంచించుకోదు, కుంచించుకోకపోతే నక్షత్రం లేదు. నక్షత్రం అంటే అగ్నిగోళం కదా, దాని పుట్టుకకు కావలసింది వేడి అని మనం సహజంగా అనుకుంటాం. నిజానికి పుట్టుకకు ముందు కావలసింది చల్లదనం. ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోమంటాను.

వాయువు చల్లబడాలంటే వేడిని కాంతిగా మార్చి బయటికి పంపాలి. రెండు పరమాణువులు ఢీకొన్నప్పుడు ఆ దెబ్బకు ఎలక్ట్రాన్ ఒక మెట్టు పైకెక్కుతుంది. మళ్లీ కిందికి దిగేటప్పుడు కాంతిని వదులుతుంది. ఆ కాంతి గుంపు దాటి వెళ్లిపోతే అంత వేడి తగ్గినట్టే. అయితే హైడ్రోజన్ పరమాణువులో మొదటి మెట్టే చాలా ఎత్తు. అది ఎక్కించేంత గట్టిగా ఢీకొనాలంటే వాయువు పది వేల డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. వెయ్యి, రెండు వేల డిగ్రీల దగ్గర పరమాణువులు ఢీకొని ఊరికే విడిపోతాయి. వేడి లోపలే ఉండిపోతుంది. హీలియం మెట్టు ఇంకా ఎత్తు, దాంతో అసలు పని జరగదు.

ఈ రోజుల్లో ఈ సమస్య లేదు. పాలపుంతలో నక్షత్రాలు పుట్టే మేఘాల్లో కర్బనం, ఆక్సిజన్, ధూళి రేణువులు ఉన్నాయి. వాటి మెట్లు చిన్నవి. చిన్న దెబ్బకే కాంతిని వదులుతాయి. అందుకే ఆ మేఘాలు మైనస్ 260 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబడగలవు. ఆనాడు ఆ సౌకర్యం లేదు.

దారి చూపింది హైడ్రోజన్ అణువు. రెండు హైడ్రోజన్ పరమాణువులు జంటగా కలిస్తే అణువు. జంట కనుక అది గిరగిరా తిరగగలదు. ఆ తిరుగుడు వేగంలోనూ మెట్లు ఉన్నాయి, కానీ అవి చాలా చిన్నవి. కొన్ని వందల డిగ్రీల వేడిలో తగిలే దెబ్బ కూడా వాటిని ఎక్కించడానికి చాలు. దిగేటప్పుడు పరారుణ కాంతి బయటికి పోతుంది.

అయితే ఆ జంట కట్టడం అంత తేలిక కాదు. రెండు పరమాణువులు ఎదురెదురుగా వచ్చి కలిస్తే, కలయికలో పుట్టిన శక్తిని ఎవరో ఒకరు తీసుకుపోవాలి. లేకపోతే కలిసినంత వేగంగానే విడిపోతాయి. నేల మీద ధూళి రేణువో, గోడో ఆ శక్తిని పుచ్చుకుంటుంది. ఆనాటి విశ్వంలో అవేవీ లేవు. ఉన్నది ఒకే ఒక్క తోడు. పరమాణువులు ఏర్పడినప్పుడు జత దొరకక మిగిలిపోయిన ఎలక్ట్రాన్లు. కొన్ని వేల పరమాణువులకు ఒకటి చొప్పున అవి తిరుగుతూనే ఉన్నాయి. అలాంటి ఎలక్ట్రాన్ ఒకటి హైడ్రోజన్ పరమాణువుకు అంటుకుంటుంది. అదనపు ఎలక్ట్రాన్ ఉన్న ఆ పరమాణువు దగ్గరికి ఇంకో పరమాణువు వస్తే రెండూ కలిసిపోతాయి. మిగులు శక్తిని మోసుకుంటూ ఎలక్ట్రాన్ బయటికి వెళ్లిపోతుంది, ఇంకో జంటను కలపడానికి. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాత్ర ఆ ఒంటరి ఎలక్ట్రానే. తాను ఎవరితోనూ ఉండకుండా జంటలు కలిపింది.

అలా తయారైన అణువులు కూడా ఎక్కువేం కాదు, కొన్ని వేల పరమాణువులకు ఒకటి. అయినా చాలు. వాయువు మెల్లగా మైనస్ 70 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి దిగింది. హైడ్రోజన్ అణువుకు చేతనైంది అంతే, అంతకంటే కిందికి తీసుకుపోలేదు.

ఎంత దూరమో అంత గతం (బాక్స్)

సూర్యుడి నుంచి వెలుగు మనకు చేరడానికి ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. కనుక మనం చూసేది ఎనిమిది నిమిషాల కిందటి సూర్యుడిని. ఇలాగే దూరం పెరిగే కొద్దీ గతం కనిపిస్తుంది. చాలా దూరపు గెలాక్సీల నుంచి వచ్చే కాంతికి ఇంకో సంగతి జరుగుతుంది. దారిలో ఉండగా విశ్వం విస్తరిస్తుంది, దాంతో కాంతి తరంగమూ సాగుతుంది. బయలుదేరినప్పుడు అతినీలలోహితంగా ఉన్నది చేరేసరికి పరారుణం అవుతుంది. ఎన్ని రెట్లు సాగిందో కొలిస్తే అది ఏ కాలంలో బయలుదేరిందో తెలుస్తుంది. పదిహేను రెట్లు సాగి వచ్చిందంటే విశ్వం వయసు ముప్పై కోట్ల సంవత్సరాలు కూడా నిండనప్పటి వెలుగు. పరారుణాన్ని మన వాతావరణం చాలావరకు అడ్డుకుంటుంది, నేల మీది వెచ్చదనం కూడా అందులోనే వెలుగుతుంది. అందుకే 2021 డిసెంబర్ 25న బయలుదేరిన జేమ్స్ వెబ్ దూరదర్శినిని భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఎండ తగలకుండా పెద్ద తెర వేసి, చలిలో ఉంచారు.

పెద్ద బరువు, చిన్న ఆయుష్షు

మైనస్ 70 దగ్గర ఆగడం వల్ల ఒక పెద్ద ఫలితం వచ్చింది. వాయువు ఎంత వెచ్చగా ఉంటే దాని ఒత్తిడిని గెలవడానికి అంత బరువు ఒకచోట పోగవ్వాలి. ఈనాటి చల్లని మేఘాలు చిన్న చిన్న ముద్దలుగా విడిపోతాయి, అందుకే సూర్యుడంత, అంతకంటే చిన్న నక్షత్రాలు ఎక్కువ. ఆనాటి వెచ్చని వాయువు సూర్యుడికి కొన్ని వందల రెట్ల ముద్దగా పోగైతే తప్ప కూలలేదు. కూలాక మధ్యలోని శిశు నక్షత్రం మీదికి వాయువు వచ్చి పడే వేగమూ ఈనాటికంటే దాదాపు వంద రెట్లు. టామ్ ఏబెల్, వోల్కర్ బ్రామ్ వంటి వాళ్లు సుమారు పాతికేళ్ల కిందట కంప్యూటర్లలో ఈ కథను మొదటి నుంచి నడిపి చూస్తే సూర్యుడికి వంద రెట్లూ, అంతకు పైనా బరువున్న ఒంటరి నక్షత్రాలు తేలాయి. తర్వాత మరింత సూక్ష్మంగా లెక్కవేసినప్పుడు, శిశు నక్షత్రం చుట్టూ తిరిగే వాయువు పళ్లెం ముక్కలై చిన్న చిన్న తోబుట్టువులూ పుడతాయని తేలింది. పదుల రెట్ల నుంచి వందల రెట్ల దాకా ఉండేవి ఎక్కువ, చిన్నవి కొన్ని అన్నది ఇప్పటి అవగాహన.

ఇంత బరువైన నక్షత్రం మామూలు నక్షత్రంలా మండదు. ఈనాటి పెద్ద నక్షత్రాలు హైడ్రోజన్‌ను మండించడానికి కర్బనాన్ని తోడు తెచ్చుకుంటాయి. తొలి నక్షత్రంలో కర్బనం లేదు. కనుక అది ఇంకా ఇంకా కుంచించుకుపోయి, నడిబొడ్డు పది కోట్ల డిగ్రీలకు చేరాక, మూడు హీలియంలను కలిపి తన కర్బనాన్ని తానే కాస్త తయారుచేసుకుంది. విశ్వం మొదటి నిమిషాల్లో దాటలేకపోయిన అడ్డంకి అక్కడ తెగింది. పైభాగం లక్ష డిగ్రీలు. సూర్యుడి పైభాగం సుమారు 5,500 డిగ్రీలేనని గుర్తుచేసుకుంటే ఆ తేడా అర్థమవుతుంది. కంటికి కనిపించే వెలుగు కంటే అతినీలలోహితమే ఎక్కువగా చిమ్మే నీలి మంట అది.

సూర్యుడి ఆయుష్షు సుమారు వెయ్యి కోట్ల సంవత్సరాలు. ఆ తొలి నక్షత్రాలది ఇరవై, ముప్పై లక్షల సంవత్సరాలు. అంత లోపలే హైడ్రోజన్ హీలియంగా, హీలియం కర్బనంగా, ఆక్సిజన్‌గా, అది నియాన్, మెగ్నీషియం, సిలికాన్ మీదుగా ఇనుము దాకా మారింది. ఇనుము దగ్గర శక్తి పుట్టడం ఆగుతుంది. కేంద్రం కూలుతుంది. కొన్ని నక్షత్రాలు కృష్ణబిలాలయ్యాయి, కొన్ని పేలిపోయాయి. సూర్యుడికి 140 నుంచి 260 రెట్ల మధ్య బరువున్న వాటికి లెక్కలు ఇంకో ముగింపు చెబుతున్నాయి. కేంద్రంలోని కాంతి కణాలుగా మారిపోయి ఒత్తిడి పడిపోవడంతో మొత్తం నక్షత్రమే చెదిరిపోతుంది. వెనక కృష్ణబిలం కూడా మిగలదు. ఉన్న సరుకంతా చుట్టుపక్కల వాయువులో కలుస్తుంది.

ఈ మూలకాలు నక్షత్రాల్లో ఎలా వండబడతాయో మార్గరెట్ బర్బిడ్జ్, జెఫ్రీ బర్బిడ్జ్, విలియం ఫౌలర్, ఫ్రెడ్ హాయిల్ కలిసి 1957లో ఒకే పెద్ద పత్రంలో రాశారు. అందులో అన్ని మూలకాలకూ ఒకే పుట్టిల్లు లేదు. ఎన్ఐఎన్ ఉప్పులోని సోడియం, క్లోరిన్ పెద్ద నక్షత్రాల్లో తయారయ్యాయి. ఇనుములో కొంత పెద్ద నక్షత్రాల పేలుళ్ల నుంచి, ఎక్కువ భాగం తర్వాతి కాలంలో తెల్లమరుగుజ్జు నక్షత్రాల పేలుళ్ల నుంచి వచ్చింది. అయోడిన్‌కు న్యూట్రాన్లు కుప్పలుగా దొరికే చోటు కావాలి, న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొనే చోటు అలాంటిది. చిటికెడు ఉప్పులో ఇన్ని తరాల నక్షత్రాలు ఉన్నాయి. వాటన్నిటికీ దారి తెరిచింది ఆ తొలితరం.

చుక్కల నుంచి గెలాక్సీలకు

తొలి నక్షత్రాల తర్వాత గెలాక్సీలు వెంటనే పొంగుకు రాలేదు. తొలి నక్షత్రం చిమ్మిన అతినీలలోహిత కాంతి చుట్టుపక్కల హైడ్రోజన్ అణువులను విడగొట్టింది. ఏ అణువు సాయంతో తాను పుట్టిందో ఆ అణువునే పక్క గుంపుల్లో లేకుండా చేసింది. దాంతో కొత్త నక్షత్రాలు పుట్టడం అక్కడ వాయిదా పడింది. పేలిన నక్షత్రం తన చిన్న గుంపులోని వాయువునంతా బయటికి ఊదేసింది కూడా.

మళ్లీ పని మొదలవడానికి గుంపులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవి కావలసి వచ్చింది. సూర్యుడికి పది కోట్ల రెట్ల బరువుకు చేరాక రెండు మార్పులు జరిగాయి. పల్లం లోతైంది కనుక పేలుళ్లు జరిగినా వాయువు తప్పించుకుపోలేదు. పడే వాయువు పది వేల డిగ్రీలకు వేడెక్కింది కనుక హైడ్రోజన్ పరమాణువు ఎత్తు మెట్టు కూడా ఇప్పుడు అందింది, అణువుల కోసం ఎదురుచూడనక్కర లేదు. పైగా తొలితరం వదిలిన కర్బనం, ఆక్సిజన్ కలిశాయి. అక్కడ నక్షత్రాలు ఒక్కొక్కటిగా కాక గుంపులుగా, తరం తర్వాత తరంగా పుట్టాయి. తొలి గెలాక్సీ అని పేరు పెట్టదగినది ఇదే.

గెలాక్సీల కాంతికి వాటి చుట్టూ ఉన్న హైడ్రోజన్ మళ్లీ ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లుగా చీలిపోసాగింది. బుడగలు బుడగలుగా మొదలై, బుడగలన్నీ కలిసిపోయి, విశ్వం వయసు వంద కోట్ల సంవత్సరాలు వచ్చేసరికి ఆ పని దాదాపు పూర్తయింది.

వెబ్ దూరదర్శిని వచ్చాక ఈ కాలం మన కళ్లముందుకు వచ్చింది. విశ్వం వయసు సుమారు 29 కోట్ల సంవత్సరాలున్నప్పటి గెలాక్సీని 2024లో ప్రకటించారు. పేరు జేడ్స్-జీఎస్-జెడ్14-0. మరుసటి ఏడాది ఇంకొక అడుగు వెనక్కి, 28 కోట్ల సంవత్సరాలప్పటి మామ్-జెడ్14. ఇవి లెక్కలు ముందు చెప్పినదానికంటే బాగా ప్రకాశవంతంగా ఉన్నాయి. బిగ్ బ్యాంగ్ తప్పని తేలిపోయిందని కొందరు తొందరపడి రాశారు. అలాంటిదేమీ జరగలేదు. ఆ రోజుల్లో వాయువు నక్షత్రాలుగా మారే వేగం మనం అనుకున్నదానికంటే ఎక్కువై ఉండవచ్చు, ధూళి తక్కువై ఉండవచ్చు, నక్షత్రాలు ఉప్పెనలుగా పుట్టి ఉండవచ్చు. ఇవన్నీ విశ్వం ఎలా విస్తరించిందన్న దానికి సంబంధించినవి కావు, నక్షత్రాలు ఎలా పుడతాయన్న దానికి సంబంధించినవి.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది ప్రకాశం కాదు, 2025 మార్చిలో వచ్చిన ఇంకో వార్త. చిలీలోని ఆల్మా రేడియో దూరదర్శినులు ఆ జెడ్14-0 గెలాక్సీలో ఆక్సిజన్‌ను పట్టుకున్నాయి. అది అంచనాకంటే సుమారు పదింతలు ఎక్కువ భారమూలకాలు ఉన్న గెలాక్సీ. విశ్వానికి ముప్పై కోట్ల ఏళ్లు కూడా నిండకముందే నక్షత్రాలు పుట్టి, మండి, చచ్చి, ఆక్సిజన్‌ను పంచిపెట్టడం అయిపోయింది. అంటే మన వెతుకులాట ఇంకా వెనక్కి వెళ్లాలి.

పాలపుంతలో మిగిలారా?

వెనక్కి వెళ్లడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి దగ్గర్లోనే వెతకడం. తొలితరంలో సూర్యుడికి 0.8 రెట్లకు మించని చిన్నవి ఏవైనా పుట్టి ఉంటే అవి ఇప్పటికీ మండుతూనే ఉండాలి, అంత నిదానంగా ఖర్చుపెడతాయి అవి. ఇప్పటిదాకా బాగా చేరువగా వచ్చిన వాటిలో ఒకటి 2014లో ఆస్ట్రేలియాలోని స్కైమ్యాపర్ దూరదర్శిని పట్టుకున్న ఒక నక్షత్రం. సూర్యుడిలో ఉన్న ఇనుములో కోటో వంతు కూడా దానిలో కనిపించలేదు. కానీ కర్బనం ఉంది. అంటే అది తొలితరం కాదు, బహుశా ఒకే ఒక్క తొలి నక్షత్రం పేలి వదిలిన సరుకు నుంచి పుట్టిన రెండోతరం. దానిలోని కర్బనం, కాల్షియం పాళ్లను చూసి, పేలినది సూర్యుడికి ఎన్ని రెట్లు ఉండేదో లెక్కకడుతున్నారు. పూర్వీకులను చూడకుండానే వాళ్ల బరువు తూచే పద్ధతి ఇది.

ఎఫ్ఎం పట్టీలో వెతుకులాట

రెండో దారి రేడియో. హైడ్రోజన్ పరమాణువుకు ఒక బలహీనమైన సొంత పలుకు ఉంది. అది 1420 మెగాహెర్ట్‌జ్ దగ్గర రేడియో తరంగాన్ని వదులుతుంది, పీల్చుకుంటుంది. విశ్వంతో పాటు ఆ తరంగం సాగుతుంది కనుక ఎంత పాతదో అంత తక్కువ పౌనఃపున్యంలో మనకు అందుతుంది. తార్నాకలో ఎవరైనా రేడియోలో ఆకాశవాణి రెయిన్‌బో 101.9 పెట్టారనుకోండి. లెక్క వేస్తే, విశ్వం వయసు సుమారు 33 కోట్ల సంవత్సరాలున్నప్పుడు హైడ్రోజన్ పలికిన పలుకు సరిగ్గా ఆ 101.9 దగ్గరే భూమిని చేరుతుంది. పాటల కింద, వాటికంటే ఊహకందనంత మెల్లగా, అది కూడా ఉంటుంది. మన పాలపుంత చేసే రేడియో రొద సైతం దానికంటే వేల రెట్లు ఎక్కువ.

2018లో ఆస్ట్రేలియా ఎడారిలో ఎడ్జెస్ అనే యాంటెన్నా 78 మెగాహెర్ట్‌జ్ దగ్గర ఆకాశపు రేడియో బలంలో ఒక పల్లాన్ని చూసినట్టు ప్రకటించింది. విశ్వం వయసు 18 కోట్ల సంవత్సరాలున్నప్పుడు తొలి నక్షత్రాల కాంతి హైడ్రోజన్‌ను తట్టిలేపిన గుర్తు అన్నారు. అయితే ఆ పల్లం ఉండవలసినదానికంటే రెండింతలకు పైగా లోతుగా ఉంది. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ వాళ్లు దీన్ని సరిచూడటానికి సారస్ అనే తమ యాంటెన్నాను నీటి మీదికి తీసుకెళ్లారు. నేల అడుగున రాళ్లు, తేమ పొరలు పొరలుగా ఉండి రేడియో తరంగాలను గజిబిజిగా తిప్పికొడతాయి. నీళ్లయితే అడుగంతా ఒకేలా ఉంటుంది. 2020లో కర్ణాటకలోని దండిగానహళ్లి చెరువు మీద, శరావతి వెనుకజలాల మీద తెప్పపై యాంటెన్నా తేల్చి కొలిచారు. ఆ పల్లం కనిపించలేదని 2022లో ప్రకటించారు. ఒక పెద్ద వాదనను ఒక చెరువు మీద నిలబడి, ఇంత నిదానంగా, ఇంత జాగ్రత్తగా పరీక్షించడం నాకు శాస్త్రం చేసే పనుల్లోకెల్లా అందమైనదిగా అనిపిస్తుంది.

పుణె దగ్గరి జీఎంఆర్‌టీలో 45 మీటర్ల వెడల్పున్న 30 యాంటెన్నాలు ఇంకాస్త తర్వాతి కాలపు హైడ్రోజన్ కోసం వెతికాయి. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియాలలో కడుతున్న స్క్వేర్ కిలోమీటర్ అరే అనే మహా రేడియో దూరదర్శినిలో భారతదేశం 1,250 కోట్ల రూపాయల ఖర్చుతో భాగస్వామి అయింది. అది పూర్తయితే హైడ్రోజన్ బుడగల పటమే గీయవచ్చు. రామన్ సంస్థ వాళ్ల ఇంకో ఆలోచన ప్రతూష్. ఒక చిన్న ఉపగ్రహాన్ని చంద్రుడి చుట్టూ తిప్పి, భూమి కనబడని ఆవలి వైపుకు వెళ్లినప్పుడల్లా వినడం. భూమి మీది ఎఫ్ఎం ప్రసారాలన్నిటినీ అక్కడ చంద్రుడే అడ్డుకుంటాడు. పల్లం ఏ పౌనఃపున్యం దగ్గర మొదలవుతుందో తెలిస్తే తొలి నక్షత్రాలు ఎప్పుడు వెలిగాయో తెలుస్తుంది. ఎక్కడ ముగుస్తుందో తెలిస్తే తొలి కృష్ణబిలాలు చుట్టూ ఉన్న వాయువును ఎప్పుడు వేడెక్కించాయో తెలుస్తుంది. దాని లోతును బట్టి ఆ వాయువు అప్పటికి ఎంత చల్లబడిందో లెక్కకట్టవచ్చు.